చోడి జావలో మాంసకృత్తులు పెంచడం ఎలా?

మా విజయనగరం వైపు రాగుల్ని చోళ్ళు అంటాం. ఆరు నెలలు నిండిన బిడ్డకు చోడి జావ పట్టడం మంచి అలవాటే. కాకపోతే చోళ్ళలో మాంసకృత్తులు నూటికి 7 పాళ్ళే, వాటిలోనూ లైసిన్ అనే అమైనో ఆమ్లం (మాంసకృత్తుల్లో ఒక భాగం) తక్కువ. పోనీ పిండి ఎక్కువేద్దామంటే జావ గట్టిపడి బిడ్డ మింగలేదు. నీళ్ళు పోసి పల్చన చేస్తే పొట్ట నిండుతుంది గానీ బలం రాదు. పెసలు కలిపి, రెంటినీ మొలకెత్తిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

చోళ్ళు ముప్పావు కిలో, పెసలు పావు కిలో తీసుకోండి. పెసల్లో లైసిన్ బాగా ఉంటుంది, మెథియొనిన్ అనే మరో అమైనో ఆమ్లం తక్కువ. ఆ మెథియొనిన్ చోళ్ళలో దొరుకుతుంది.

1. విడివిడిగా కడిగి రాత్రంతా నానబెట్టండి. పొద్దున్నే ఆ నీళ్ళు పారబోయాలి. ఇనుము, జింకు ఒంటికి పట్టకుండా అడ్డుపడే టానిన్లు, ఫైటేట్లు కొంత వాటితోనే పోతాయి. మిగిలిన ఫైటేట్లు మొలకెత్తేటప్పుడు తగ్గుతాయి, అప్పుడు ఇనుము, జింకు ఒంటికి పడతాయి.

2. తడి నూలుగుడ్డలో వదులుగా మూటకట్టి గాలి తగిలేచోట ఉంచండి. పెసలకు ఒక రోజు, చోళ్ళకు రెండు రోజులు. పూటపూటకూ నీళ్ళు చిలకరించాలి. ఓసారి మే నెలలో నేను మూట బిగించి వంటింట్లోనే వదిలేశాను. మర్నాటికి గింజలు జిగటపట్టి పుల్లటి కంపు కొట్టాయి. అంతా పారబోశాను. అలాంటివి కడిగి వాడదామని చూడకండి, తినేది పసిబిడ్డ.

3. పల్చటి గుడ్డ కప్పి మంచి ఎండలో ఎండబెట్టండి. కొరికితే పటుక్కుమనాలి. చోళ్ళ మొలకల్ని నలిపి చెరిగితే వేళ్ళు పోతాయి. చోళ్ళను మాత్రం వేయించొద్దు, ఎందుకో కింద చెబుతాను. పెసల్ని సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. పచ్చి పప్పులో మాంసకృత్తుల అరుగుదలకు అడ్డుపడే గుణం ఒకటుంది, వేడికి అది తగ్గుతుంది. అలాగని ఎర్రగా మాడిస్తే మనం కోరి తెచ్చుకున్న లైసినే పోతుంది.

4. రెండూ కలిపి మర పట్టించండి. కారం ఆడిన మరలో వెంటనే వద్దు.

5. ఇక జావ. పిండిని చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి సన్నసెగ మీద పెట్టి తిప్పుతూ ఉండండి. మొదట గరిటె బరువెక్కుతుంది. కంగారుపడి నీళ్ళు పోయకండి. సెగ ఇంకా తగ్గించి నాలుగైదు నిమిషాలు తిప్పితే జావ మెల్లగా వదులై గరిటె నుంచి ధారగా జారుతుంది. మొలకెత్తిన చోళ్ళలోని అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిపదార్థాన్ని విరగ్గొట్టడం వల్ల ఇలా అవుతుంది. చోళ్ళు వేయిస్తే ఈ ఎంజైమ్ చచ్చిపోతుంది, అందుకే వద్దన్నాను. జావ జారుగా ఉంటుంది కాబట్టి మామూలుకన్నా ఎక్కువ పిండి వేసినా బిడ్డ సులువుగా మింగుతుంది. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా విలువైనది ఇదే. వదులయ్యాక తెర్లనిచ్చి ఐదు నిమిషాలు బాగా ఉడికించాలి.

మొదటి రోజు రెండు మూడు చెంచాలే పెట్టి, పడుతుందో లేదో చూసుకుని పెంచండి. ఏడాదిలోపు బిడ్డకు తేనె కలపొద్దు. చల్లారాక నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే ఇనుము ఇంకా బాగా పడుతుంది.