పాప టీకాల డేట్లు నెలల్లో కాదు, వారాల్లో లెక్కపెట్టుకోండి

మా పెద్దోడప్పుడు ఊరెళ్ళే తొందరలో రెండో డోసు కాస్త ముందే వేయించేద్దామని బుధవారం తీసుకెళ్ళా, ఏఎన్ఎమ్ (టీకాలు వేసే నర్సు) మేడమ్ కార్డు చూసి వేళ్ళ మీద లెక్కపెట్టి "ఇంకా 25 రోజులేనమ్మా, శనివారం రా" అని పంపేసింది. మూడ్రోజులకి ఇంత పట్టుదలా అని తిట్టుకున్నా గానీ ఆవిడే కరెక్ట్. పెంటా (ఐదు జబ్బులకి కలిపి ఒకే సూది) లాంటి వాటికి డోసుకీ డోసుకీ మధ్య కనీసం 28 రోజులు ఉండాలి, మొదటి డోసుకి ఒంట్లో రెస్పాన్స్ తయారవ్వడానికి ఆ టైమ్ కావాలి, ముందే వేసేస్తే సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు.

పుట్టగానే వేసేవి బీసీజీ (టీబీ టీకా), హెపటైటిస్ బీ, పోలియో చుక్కలు. హెపటైటిస్ బీ 24 గంటల్లోపే, పుట్టగానే వేసే ఆ పోలియో చుక్కలు (జీరో డోసు అంటారు) 15 రోజుల్లోపే, అందుకే డిశ్చార్జ్ అయ్యే ముందు కార్డులో మూడూ రాశారో లేదో చూసుకోండి. బీసీజీ మిస్సయితే ఏడాదిలోపు వేయించొచ్చు. ఎడమ చేతి మీద రెండు మూడు వారాలకి చిన్న పొక్కు వచ్చి చితుకుతుంది, దానికి పసుపు, ఆయింట్‌మెంట్ ఏమీ రాయొద్దు, అదే మానుతుంది. మచ్చ పడకపోయినా మళ్ళీ వెయ్యరు.

తర్వాతవి 6, 10, 14 వారాలకి. ఇక్కడే నెలన్నర, రెండున్నర నెలలు అని లెక్కేసి తికమక పడతాం. పాప జులై 2 మంగళవారం పుట్టిందనుకోండి, 42 రోజులంటే ఆగస్టు 13, అదీ మంగళవారమే (వారాల లెక్కలో వారం మారదు, ఇదే సుళువు). మన దగ్గర సబ్‌సెంటర్లో బుధ, శనివారాలు వేస్తారు కాబట్టి ఆగస్టు 14న వెళ్తాం, అక్కడ్నుంచి నాలుగో బుధవారం సెప్టెంబర్ 11, మళ్ళీ నాలుగోది అక్టోబర్ 9.

మూడుసార్లూ పెంటా సూది, రోటా చుక్కలు (విరేచనాలు తెచ్చే రోటా వైరస్‌కి), పోలియో చుక్కలు ఉంటాయి. పీసీవీ (న్యుమోనియా టీకా), చేతికి వేసే పోలియో సూది మాత్రం 6, 14 వారాలకే. అంటే ఆ రెండ్రోజులు మూడేసి సూదులు, ఎడమ తొడకి, కుడి తొడకి, కుడి చేతికి, మధ్యలో 10 వారాలప్పుడు ఒక్కటే. ఒకేరోజు మూడా అని భయమేసి విడగొట్టమని అడగొద్దు, ఒకేసారి వేసినా ఏం కాదు, విడగొడితే పాపకి ఏడుపు మూడుసార్లు, మనకి తిరుగుడు మూడుసార్లు.

లేటయితే? మొదట్నుంచీ మొదలుపెట్టక్కర్లేదు. పై లెక్కలో సెప్టెంబర్ 11 మిస్సయి అక్టోబర్ 5 శనివారం వెళ్ళారనుకోండి, అది రెండో డోసే, మూడోది 28 రోజులు కలిపి నవంబర్ 2కి జరుగుతుంది, అంతే. రోటా మాత్రం మొదటి డోసు ఏడాదిలోపు పడకపోతే ప్రభుత్వ షెడ్యూల్లో ఇక ఇవ్వరు. పల్స్ పోలియో ఆదివారం వేసిన చుక్కలు ఈ లెక్కలోకి రావు, అవి వేరే ఇవి వేరే. నెల తక్కువ పుట్టిన పిల్లలకి కూడా పుట్టిన రోజు నుంచే లెక్క.

9 నెలలు నిండాక ఎమ్ఆర్ (తట్టు, రుబెల్లా టీకా), పీసీవీ బూస్టర్, పోలియో సూది మూడోది, విటమిన్ ఏ. మామూలుగా ఎమ్ఆర్ అంతకంటే ముందు వెయ్యరు, ఎందుకంటే తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఇంకా ఉంటే టీకా సరిగ్గా పట్టదు. తర్వాత 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్, ఎమ్ఆర్ రెండోది, పోలియో చుక్కలు. నన్నడిగితే ఎక్కువమంది మర్చిపోయేది ఇదే, అప్పటికి పిల్లోడు ఇల్లంతా పరిగెడుతుంటాడు, కార్డు బీరువాలో ఎక్కడో ఉంటుంది. ఇప్పుడే ఫోన్‌లో రిమైండర్ పెట్టేయండి.

జలుబు చేసిందని మా అత్తయ్య రెండుసార్లు ఆపించింది, పాపం ఆవిడ భయం ఆవిడది, కానీ మామూలు జలుబుకి, కాస్త ఒళ్ళు వెచ్చబడినదానికి ఆపక్కర్లేదు. గట్టి జ్వరమైతే డాక్టర్‌ని అడగండి. వేయించాక అరగంట అక్కడే కూర్చోండి, ఆ రాత్రికి జ్వరం రావడం మామూలే. పారాసిటమాల్ మాత్రం బరువు చెప్పి ఎన్ని ఎమ్ఎల్లో ఏఎన్ఎమ్‌తోనే కార్డు మీద రాయించుకోండి, డ్రాప్స్ సీసా, సిరప్ సీసా ఒకటే పవర్ కాదు, అర్ధరాత్రి నిద్రమత్తులో రెండూ ఒకేలా కనిపిస్తాయి.