రిలీజ్ బిల్డ్‌కి ముందు: ఫ్లాగ్స్‌లో కోట్స్, స్పేస్‌లతో జాగ్రత్త

బిల్డ్‌ని కొత్త సర్వర్‌కి మార్చేటప్పుడు కంపైలర్ (కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే టూల్) వెర్షన్ అందరూ చూసుకుంటారు. దానికిచ్చే ఆప్షన్లు, అదే ఫ్లాగ్స్‌లోని కోట్స్ జోలికి ఎవరూ వెళ్లరు. రిలీజ్ రాత్రి టెన్షన్ మొదలయ్యేది మాత్రం అక్కడే.

నా అనుభవమే చెబుతాను. యాప్ పేరు ‘రైతు మిత్ర’. మధ్యలో ఒక్క స్పేస్. దాన్ని మైనస్ డీ ఫ్లాగ్‌తో మాక్రోగా, అంటే కోడ్‌లో ఒక పేరు బదులు వచ్చి కూర్చునే టెక్స్ట్‌గా ఇవ్వాలి. మేక్ అనే బిల్డ్ టూల్ చదివే మేక్‌ఫైల్‌లో పేరు చుట్టూ డబుల్ కోట్స్ పెట్టాను. ‘రైతు’ అనేది ఎక్కడా డిక్లేర్ చేయలేదని జీసీసీ కంపైలర్ ఎర్రర్ ఇచ్చింది. మేక్ ఆ లైన్‌ని కమాండ్లు నడిపే షెల్‌కి అప్పజెబుతుంది, షెల్ కోట్స్ ఒలిచేసి మిగతాది కంపైలర్‌కి ఇస్తుంది. అక్కడికి చేరేసరికి అది స్ట్రింగ్ కాదు, ఉత్త రెండు మాటలు. సరే అని అదే ఫ్లాగ్‌ని సింగిల్ కోట్స్‌లో చుట్టి, బాష్ అనే షెల్ స్క్రిప్ట్‌లో, కంపైలర్ ఫ్లాగ్స్ దాచే సీఫ్లాగ్స్ వేరియబుల్‌లో పెట్టాను. ఈసారి కోట్స్ పోలేదు, పేరే స్పేస్ దగ్గర రెండు ముక్కలైంది. ‘మిత్ర’ అనే ఫైల్ లేదని గోల! వేరియబుల్‌లోంచి బయటికొచ్చిన కోట్స్ షెల్‌కి మామూలు అక్షరాలే మరి.

కాబట్టి మీ ఫ్లాగ్ కంపైలర్‌కి చేరేలోపు ఎన్ని చేతులు మారుతుందో ముందు లెక్కపెట్టుకోండి. మేక్‌ఫైల్‌లో అయితే ఫ్లాగ్ మొత్తానికి బయట సింగిల్ కోట్స్, లోపల పేరుకి డబుల్ కోట్స్. డాలర్ గుర్తుంటే రెండుసార్లు రాయాలి. బాష్‌లో స్ట్రింగ్ వద్దు, ఒక్కో ఫ్లాగ్‌ని విడిగా దాచే అర్రే వాడండి. దాన్ని డబుల్ కోట్స్ మధ్యే విప్పాలి, లేదంటే అర్రే పెట్టి కూడా దండగ.

ఆటోకాన్ఫ్ టూల్ తయారుచేసే కాన్ఫిగర్ స్క్రిప్ట్‌తో ఇంకో చిక్కు. సీఫ్లాగ్స్‌ని ముందు తన పరీక్షల్లో ఒకలా, తర్వాత మేక్‌ఫైల్ ద్వారా ఇంకోలా చదివిస్తుంది. రెండు చోట్లా నెగ్గే కోట్స్ వెతకడం వృథా. స్పేస్ ఉన్న పేరుని కాన్ఫిగ్ హెడర్ ఫైల్‌లోకి (కోడ్‌లోకి చేర్చుకునే సెట్టింగ్స్ ఫైల్) పంపేయండి. నన్నడిగితే ఏ బిల్డ్‌లోనైనా ఇదే మేలు.

సీమేక్ అనే ఇంకో బిల్డ్ టూల్‌లో మాక్రోలని సీ ఫ్లాగ్స్ స్ట్రింగ్‌కి అతికించకుండా టార్గెట్ కంపైల్ డెఫినిషన్స్ కమాండ్‌కి ఇవ్వండి, కోట్స్, స్పేస్‌లు చెడకుండా కాపాడే ఎస్కేపింగ్ అదే చూసుకుంటుంది. సెమికోలన్ మాత్రం కనిపెట్టుకుని ఉండాలి, సీమేక్‌కి అది లిస్ట్ గుర్తు. జంటగా వెళ్లాల్సిన ఫ్లాగ్స్‌కి సీమేక్ 3.12 వెర్షన్ నుంచి ‘షెల్’ అనే ప్రిఫిక్స్ ఉంది.

రిలీజ్‌కి ముందు రోజు ఒక చిన్న పని చేయండి. వచ్చిన ప్రతి ఆర్గ్యుమెంట్‌నీ యాంగిల్ బ్రాకెట్ల మధ్య, ఒక్కో లైన్‌లో ప్రింట్ చేసే మూడు లైన్ల షెల్ స్క్రిప్ట్ రాసి, కంపైలర్ పేరుండే సీసీ వేరియబుల్‌లో కంపైలర్ బదులు దాన్ని పెట్టి మేక్ నడపండి. ‘రైతు’ ఒక లైన్‌లో, ‘మిత్ర’ ఇంకో లైన్‌లో వస్తే ఎక్కడో కోట్స్ తప్పాయన్నమాట. వర్క్‌స్పేస్ ఫోల్డర్ పేరులో కూడా స్పేస్ లేకుండా చూడండి. ఫైల్ పాత్‌లో స్పేస్ ఉంటే జీఎన్‌యూ మేక్‌తో సరిగ్గా నెట్టుకురావడం కష్టం.