పైకప్పు తలాలు కలవడం లేదా? కొప్పును వదిలి గోడ దగ్గర వెతకండి

ఇంటి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వాలు కప్పు వేశాక నడికొప్పు (రెండు వాలు తలాలు పైన కలిసే గీత) దగ్గర సందు కనిపిస్తే, చాలామంది ఆ అంచును మౌస్‌తో పట్టుకుని సందు మూసుకునేదాకా లాగుతారు. దయచేసి అలా లాగకండి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో దాంతో తలం వాలే మారిపోతుంది. మరికొన్నింటిలో తలం అదే వాలులో సాగి ఎదుటి తలాన్ని చీల్చుకుని బయటికి పొడుచుకొస్తుంది. రెండు సందర్భాల్లోనూ అసలు తప్పు అలాగే ఉండి, రేపు మూల దగ్గర ఇంకో సందుగా బయటపడుతుంది.

కప్పు తలం ఎక్కడ ఉండాలో నిర్ణయించేవి మూడు: గోడ మీద అది మొదలయ్యే గీత, ఆ గీత ఎత్తు, వాలు. ఈ మూడూ కుదిరితే కొప్పు దానంతటదే కుదురుతుంది. అందుకే ముందు కొప్పుకు అడ్డంగా సెక్షన్, అంటే ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ, తీసి చూడండి. త్రీడీ బొమ్మను తిప్పుతూ కంటితో అంచనా వేస్తే మోసపోతాం.

కొప్పు ఒక పక్కకు జరిగింది

రెండు పక్కల గోడల ఎత్తులు సమానంగా లేవన్నమాట. వాలు రెండు వైపులా 30 డిగ్రీలుండి, ఒక గోడ రెండోదానికంటే 30 సెంటీమీటర్లు ఎత్తుగా ఉంటే, కొప్పు ఎత్తైన గోడ వైపు 26 సెంటీమీటర్లు జరుగుతుంది. ఎత్తులు పొరపాటున తేడా వచ్చినవైతే సమానం చేసి కప్పును మళ్లీ కట్టించండి. కావాలనే తేడా పెట్టి ఉంటే, కొప్పునైనా జరగనివ్వాలి, రెండు వైపులా వేర్వేరు వాలైనా పెట్టాలి. అదే వాలు, మధ్యలో కొప్పు, ఎత్తుల్లో తేడా, ఈ మూడూ ఒకేసారి సాధ్యం కావు.

రెండు వైపులా ఒకటే వాలు, అయినా సన్నని సందు

నన్ను ఒక పూటంతా తిప్పలు పెట్టిన సమస్య ఇది. గోడలు సమానం, గీతలు సరైనవే, వాలు గడిలో రెండు వైపులా 27 డిగ్రీలనే కనిపిస్తోంది. తీరా దశాంశ స్థానాలు పెంచి చూస్తే ఒకవైపు 26.57 ఉంది. ఆ తలాన్ని 12కు 6 నిష్పత్తిలో (అడ్డంగా 12కు పైకి 6) ఇచ్చాను, రెండోదానికి 27 అని టైపు చేశాను. గడి అంకెను గుండ్రం చేసి చూపిస్తోంది, తలం మాత్రం అసలు కొలతతోనే నిలబడింది. గోడ నుంచి 6 మీటర్లు లోపలికి వచ్చేసరికి ఆ చిన్న తేడా దాదాపు 57 మిల్లీమీటర్లయింది. డిగ్రీలైనా, నిష్పత్తైనా, ఒకే పద్ధతిలో ఇవ్వండి. ఒక తలం విలువను రెండోదానికి కాపీ చేయడం ఇంకా మేలు.

మూల దగ్గర చూరు అంచులు ఎక్కువతక్కువగా ఉన్నాయి

అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది ఇదే. ఎందుకంటే ఇక్కడ ఏ అంకె చూసినా తప్పుగా కనిపించదు. గోడలు ఒకే ఎత్తు, చూరు రెండు పక్కలా 45 సెంటీమీటర్లు, అయినా అంచులు కలవవు. కారణం వాలుల తేడా. చూరు గోడ దాటి బయటికి వచ్చేకొద్దీ కిందికి దిగుతుంది. 45 సెంటీమీటర్ల చూరు 30 డిగ్రీల వాలులో 26 సెంటీమీటర్లు దిగితే, 45 డిగ్రీల వాలులో 45 సెంటీమీటర్లూ దిగుతుంది. అంటే మూల దగ్గర 19 సెంటీమీటర్ల తేడా.

నిటారు వాలున్న వైపు చూరును 26 సెంటీమీటర్లకు తగ్గిస్తే అంచులు ఒకే మట్టానికి వస్తాయి. చూరు వెడల్పు తగ్గకూడదనుకుంటే, ఆ వైపు తలాన్ని గోడ మీద 19 సెంటీమీటర్లు పైకెత్తాలి. అప్పుడు గోడ పైభాగంలో ఏర్పడే ఖాళీని నింపే పని అదనంగా పడుతుంది. నేనైతే చూరునే తగ్గిస్తాను. వాలులు వేరైనప్పుడు మూల గీత (మూల నుంచి పైకి రెండు తలాలు కలిసే గీత) ప్లానులో 45 డిగ్రీల్లో ఉండదు, నిటారు తలం వైపు ఒరుగుతుంది. అది తప్పు కాదు, దాన్ని సరిదిద్దబోయి చెడగొట్టుకోవద్దు.

అడగని చిన్న చిన్న తలాలు పుట్టుకొచ్చాయి

ఆటోమేటిక్ కప్పు గోడలను నమ్మి లేస్తుంది. ఒకే వరుసలో ఉన్నట్టు కనిపించే రెండు గోడ ముక్కల మధ్య 5 మిల్లీమీటర్ల తేడా ఉన్నా, అక్కడ ఒక సన్నని ముక్క మొలవచ్చు. ప్లానును బాగా జూమ్ చేసి, గోడలను ఒక వరుసకు తెచ్చి, కప్పును తీసేసి మళ్లీ వేయించండి. గోడల మందాలు వేరైతే బయటి ముఖాలను కలపండి, నడి గీతలను కాదు.

బొమ్మ తిప్పుతుంటే కప్పు మిణుకుమంటోంది

ఒకే చోట రెండు తలాలు ఒకదానిపై ఒకటి పడి ఉన్నాయి. ఒకటి తీసేయండి. సాధారణంగా ఆటోమేటిక్ కప్పు ఉండగానే చేత్తో ఇంకోటి గీసినప్పుడు ఇలా అవుతుంది.

ఏ సమస్యకైనా కొలతలు సరిచేశాకే తలాలను కలిపే ఆదేశం ఇవ్వండి. చేత్తో ఏదైనా మార్చి ఉంటే, కప్పును తనంతట తాను మళ్లీ కట్టే సదుపాయాన్ని అప్పుడే ఆపేయండి. లేకపోతే తర్వాత ఒక గోడ కదిలించగానే మీరు సరిచేసిందంతా చెరిగిపోతుంది.