రియల్ ఎస్టేటా, ఎక్స్‌రేనా? బే ఏరియాకి కొత్తగా వచ్చినవాళ్లకి

డిపెండెంట్ వీసా మీద వచ్చి ఆర్నెల్లు గడిచేసరికి వంట, వాకింగ్, ఇండియాకి ఫోన్లు అన్నీ అయిపోయి ఇంకా సగం రోజు మిగులుతుంది. అప్పుడే గుళ్లో కలిసిన ఆంటీ ఒకరు అంటారు: "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావమ్మా, కమ్యూనిటీ కాలేజీలో ఏదైనా కోర్సు చెయ్యి." ఆ 'ఏదైనా' అంటే ఏమిటని అడిగితే మనవాళ్ల నోట ఎక్కువగా వచ్చేవి రెండే. ఒకటి రియల్ ఎస్టేట్ లైసెన్స్, రెండోది రేడియాలజిక్ టెక్నాలజీ, అంటే ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే పని.

ఓక్లాండ్‌లోని మెరిట్ కాలేజీలో, సిటీ కాలేజ్ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ రెండు చదువులూ ఉన్నాయి. లాస్ ఆల్టోస్ హిల్స్‌లోని ఫుట్‌హిల్ కాలేజీకి రేడియాలజిక్ టెక్నాలజీ ప్రోగ్రామ్ ఉంది. ఒకే కేటలాగ్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి రెండూ ఒకే రకం అనుకుంటాం. ఒకదాంట్లో చేరడం చాలా తేలిక, డబ్బు కళ్లజూడటం కష్టం. రెండోదాంట్లో సీటు దొరకడమే గగనం.

కోర్సు సంగతి తర్వాత, ముందు మీ ఐ-94, అంటే అమెరికాలోకి వచ్చినప్పుడు ఇచ్చే ప్రవేశ రికార్డు, తీసి చూసుకోండి. హెచ్-4 (హెచ్-1 వాళ్ల డిపెండెంట్ వీసా) మీద చదువుకోవడానికి వేరే అనుమతి అక్కర్లేదు, పనిచేయాలంటే మాత్రం ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు కావాలి. భర్తకో భార్యకో గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 అప్రూవ్ అయి ఉంటే, లేదా ఆరేళ్లు దాటి హెచ్-1 పొడిగింపు వచ్చి ఉంటేనే అది ఇస్తారు. ఐ-94 మీద ఎల్-2ఎస్ (ఎల్-1 ఉద్యోగి భార్య లేదా భర్త) అని ఉంటే ఆ గొడవ లేదు, నేరుగా పనిచేయవచ్చు. ఎఫ్-2 వాళ్లు, అంటే ఎఫ్-1 విద్యార్థుల భార్యాభర్తలు, పార్ట్‌టైమ్‌గానే చదవాలి, కాబట్టి రోజంతా నడిచే ఎక్స్‌రే ప్రోగ్రామ్ వాళ్లకి కుదరదు. ఇంకోటి, 2025 అక్టోబరు 30 నుంచి వేసిన ఈఏడీ రెన్యువల్స్‌కి ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. కార్డు గడువు ముగిసి కొత్తది రాకపోతే అన్నాళ్లూ ఉద్యోగానికి వెళ్లడానికి లేదు.

ఇక ఫీజు. నా చేతులు కాలింది ఇక్కడే. కాలిఫోర్నియా రెసిడెంట్‌కి సెమిస్టర్ యూనిట్‌కి 46 డాలర్లు. రెసిడెంట్ కాకపోతే దానిమీద ఒక్కో యూనిట్‌కి ఇంకా కొన్ని వందలు. సెమిస్టర్ మొదలయ్యే నాటికి ఈ రాష్ట్రంలో ఏడాది దాటి ఒక రోజు ఉండాలి, ఇక్కడే స్థిరపడే ఉద్దేశం ఉందని కాగితాల్లో చూపించాలి. హెచ్-4 వాళ్లకీ ఇది వర్తిస్తుంది. నేను వచ్చి పద్నాలుగు నెలలైంది, కానీ లీజు ఆయన పేరు మీద, కరెంటు బిల్లు ఆయన పేరు మీద, నాకంటూ ఉన్నది పాస్‌పోర్టే. కౌంటర్‌లో అమ్మాయి చాలా మర్యాదగా నన్ను నాన్‌-రెసిడెంట్ చేసి పంపింది. వచ్చిన వారంలోనే లీజులో మీ పేరు చేర్పించుకోండి, బ్యాంకు ఖాతా జాయింట్‌గా తెరవండి, వీలైనంత త్వరగా స్టేట్ ఐడీ గానీ డ్రైవింగ్ లైసెన్సు గానీ తెచ్చుకోండి. చదివే ఆలోచన ఇప్పుడు లేకపోయినా సరే.

రియల్ ఎస్టేట్‌కి కాలిఫోర్నియాలో మూడు కోర్సులు కావాలి: ప్రిన్సిపుల్స్, ప్రాక్టీస్, మీకు నచ్చిన ఇంకొకటి. మూడేసి యూనిట్లు, రెసిడెంట్ ఫీజు 414 డాలర్లు, పుస్తకాలు వేరు. తర్వాత వేలిముద్రలు, రాష్ట్రం పెట్టే పరీక్ష. 150 ప్రశ్నలు, నూటికి 70 తెచ్చుకోవాలి. మన ఎంసెట్, గ్రూప్స్ చూసినవాళ్లకి అదేమంత భయపడేది కాదు. భయపడాల్సింది ఆ తర్వాతే. ఒక బ్రోకర్ కింద చేరాలి, చాలాచోట్ల జీతం ఉండదు, ఇల్లు అమ్ముడైతేనే కమిషన్. ఎంఎల్‌ఎస్ (అమ్మకానికున్న ఇళ్ల వివరాలు ఏజెంట్లు పంచుకునే జాబితా) ఫీజులు, ఏజెంట్ల సంఘం చందాలు, పెట్రోలు మాత్రం మొదటి నెల నుంచే. ఈఏడీ లేకుండా పరీక్ష రాసి పెట్టుకోవచ్చు గానీ, "మా ఫ్రెండ్‌ని పంపించాను, ఎంతో కొంత ఇవ్వండి" అని చెయ్యి చాపడం కూడా కూడదు. మన ఊళ్లో మధ్యవర్తికి ఇచ్చినట్టు ఇక్కడ లైసెన్సు లేనివాళ్లకి కమిషన్‌లో వాటా పంచకూడదు.

మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మన తెలుగువాళ్లు ఎక్కువున్న వీధి చూపించండి." ఏజెంటుగా దానికి మీరు జవాబు చెప్పకూడదు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద జాతి, మతం, పుట్టిన దేశం చూసి కొనేవాళ్లని ఒక వైపుకి నడిపించడం చట్టవిరుద్ధం. తూర్పు ముఖం ఇల్లు కావాలంటే నిక్షేపంగా వెతికిపెట్టండి, దానికి అడ్డేమీ లేదు. అలాగే 2024 ఆగస్టు 17 నుంచి ఎంఎల్‌ఎస్‌లో ఉన్న ఏజెంట్లు ఇల్లు చూపించేముందే కొనేవాళ్లతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. తెలిసినవాళ్లని సంతకం పెట్టమని అడగాలంటే మొదట్లో నాకు ప్రాణం మీదికొచ్చేది.

ఎక్స్‌రే దారి వేరే. ముందు ఇంట్లోవాళ్లకి ఒకటి చెప్పిపెట్టండి: రేడియాలజిస్ట్ అంటే డాక్టరు, మనం టెక్నాలజిస్ట్. లేకపోతే పెళ్లిళ్లలో మీరు డాక్టరైపోతారు. ప్రోగ్రామ్ దాదాపు రెండేళ్లే, కానీ దానిముందు అనాటమీ, ఫిజియాలజీ, ఆల్జీబ్రా, మెడికల్ టెర్మినాలజీ లాంటివి పూర్తి చేయాలి. ల్యాబ్ ఉన్న సైన్స్ క్లాసుల్లో సీట్లు తొందరగా నిండిపోతాయి, కాబట్టి వెయిట్‌లిస్ట్‌లో పేరున్నా మొదటి రోజు వెళ్లి కూర్చోండి. ఇండియాలో చేసిన బీఎస్సీ ఉంటే మార్కులిస్టులు డబ్ల్యూఈఎస్ లాంటి, విదేశీ డిగ్రీలని అమెరికా లెక్కలో చూసే సంస్థతో మదింపు చేయించండి. 2015 నుంచి ఏఆర్‌ఆర్‌టీ (టెక్నాలజిస్టులకి సర్టిఫికెట్ ఇచ్చే జాతీయ సంస్థ) పరీక్షకి కనీసం అసోసియేట్ డిగ్రీ, అంటే రెండేళ్ల కాలేజీ డిగ్రీ, ఉండాలి. మీ డిగ్రీతో అది తీరవచ్చు, కానీ ఏఆర్‌ఆర్‌టీ గుర్తించిన ప్రోగ్రామ్‌లో చదవడం మాత్రం తప్పదు. ఇండియాలో పదేళ్లు ఎక్స్‌రేలు తీసిన మా స్నేహితురాలు కూడా మళ్లీ మొదటి నుంచి చదివింది. ఆ పరీక్ష తర్వాత రాష్ట్ర ఆరోగ్యశాఖ ఇచ్చే సీఆర్‌టీ లైసెన్సు, ఫ్లోరోస్కోపీకి, అంటే కదిలే ఎక్స్‌రే చిత్రాలకి, ఇంకో పర్మిట్.

క్లినికల్ ట్రైనింగ్ అంటే నెలల తరబడి ఆస్పత్రిలో పగలంతా నిలబడి చేసే పని, జీతం లేదు. పిల్లల్ని స్కూలు నుంచి ఎవరు తెస్తారో చేరేముందే తేల్చుకోండి. మధ్యలో గర్భం వస్తే చదువు ఆగిపోతుందని టెన్షన్ పడనక్కర్లేదు. చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, రాతపూర్వకంగా చెబితే బిడ్డకి తగిలే రేడియేషన్ మొత్తం తొమ్మిది నెలలకీ కలిపి 5 మిల్లీసీవర్ట్‌లు దాటకుండా చూస్తారు.

క్లినికల్‌కి పంపేముందు టీబీ పరీక్ష అడుగుతారు. మన చేతి మీద చిన్నప్పటి బీసీజీ మచ్చ ఉంటుంది కదా, దానివల్ల చర్మం మీద చేసే పరీక్షలో కొందరికి లేని టీబీ ఉన్నట్టు వస్తుంది, వెంటనే ఛాతీ ఎక్స్‌రే అంటారు. బీసీజీతో తికమకపడని రక్తపరీక్ష, క్వాంటిఫెరాన్ లాంటిది, చేయమని మీరే అడగండి. చిన్నప్పటి టీకాల కార్డు అమ్మావాళ్లింట్లో ఏ బీరువాలో ఉందో ఈసారి ఫోన్ చేసినప్పుడు కనుక్కోండి.