పక్కింటి ధబ్ ధబ్ మోత ఎలా తగ్గిందంటే

రాత్రయితే చాలు, పక్క ఫ్లాట్ నుంచి ధబ్ ధబ్‌మని మోత. పాట వినపడదు, గోడ మాత్రం అదురుతుంది. ఇయర్ ప్లగ్స్, గోడకు ఫోమ్ షీట్లు, అసోసియేషన్‌కి ఫిర్యాదు, అన్నీ అయ్యాయి. ఫోమ్ మన గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తుందే తప్ప అవతలి మోతను ఆపదు. అమ్మేవాళ్లు ఆ ముక్క చెప్పరు.

పనిచేసింది ఇదీ. మోత వస్తున్నప్పుడు గోడకు అరచేయి ఆనించి చూశా. కింద, నేలకు దగ్గర్లో అదురు ఎక్కువ. అంటే నేలా గోడా పట్టుకుని వస్తోందన్నమాట. మర్నాడు పగలు వెళ్లి, "అన్నా, రాత్రి పెట్టే సౌండే పెట్టి ఒక్కసారి మా గదికొచ్చి వినండి" అని అడిగా. విని ఆయనే నోరెళ్లబెట్టారు. వాళ్ల సబ్‌వూఫర్, అంటే బాస్ అనే ఈ ధబ్ ధబ్ మోతను పుట్టించే స్పీకర్, సరిగ్గా మా గోడకే ఆనించి, మూలలో టైల్స్ మీద ఉంది. ముందు దాన్ని మూలలోంచి లాగి అవతలి గోడవైపు జరిపాం. తర్వాత వాషింగ్ మెషీన్ కింద వేసే మందపాటి రబ్బరు ప్యాడ్లు కాళ్ల కింద పెట్టాం. చివర్లో బాస్ కాస్త తగ్గించారు. ఒక్కో మార్పుకీ నేను ఇటొచ్చి వినడం. జరపడంతోనే చాలావరకు పోయింది, ప్యాడ్లతో గోడ అదురు ఆగింది.

ఇప్పటికీ లీలగా వినపడుతుంది గానీ నిద్ర పడుతోంది. అరుపులకీ, కుక్క మొరుగుడికీ ఇది పనికొస్తుందనుకోను, అవి ఎక్కువగా కిటికీ సందుల్లోంచి వస్తాయి. పైగా మా పక్కాయన మాట వినే మనిషి, అదీ లెక్కేసుకోండి.