చలికాలపు ఇల్లు – 2వ పాఠం: పగటి ఎండను రాత్రికి మిగుల్చుకోవడం

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారనుకుంటాను. ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, 3కి ఇంట్లో ఎండ ఎక్కడెక్కడ పడుతోందో చూసి, సుద్దముక్కతో నేల మీద గీతలు గీయమన్నాను. ఆ గీతలు అప్పుడే తుడిచేయకండి, ఈ పాఠమంతా వాటితోనే పని. గీయనివాళ్లు ఒక సెలవు రోజు చూసుకుని ముందు ఆ పని ముగించండి.

మన ఇళ్లు ఎండాకాలాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టినవి. సజ్జాలు, బండల నేల, ఎదురెదురు కిటికీలు మే నెలలో మనల్ని కాపాడతాయి. డిసెంబరు వచ్చేసరికి అవే ఇంటిని చల్లబరుస్తాయి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు ఈ నెలల్లో రాత్రి 10 డిగ్రీల కిందికి దిగడం మామూలే. లంబసింగి సంగతి చెప్పనే అక్కర్లేదు. హైదరాబాద్ ఫ్లాట్లలో అంత చలి లేకపోయినా తెల్లవారుజామున నేల మీద కాలు పెట్టాలంటే జంకుతాం. రూమ్ హీటర్ కొనే ముందు ఇంటికి ఉచితంగా వచ్చే వేడిని వాడుకోవడం నేర్చుకోవాలి. 2000 వాట్ల హీటర్ ఆగకుండా నడిస్తే గంటకు 2 యూనిట్లు కాలుతుంది.

ముందు దక్షిణపు కిటికీ సంగతి చూద్దాం. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. డిసెంబరు 21 ప్రాంతంలో హైదరాబాద్‌లో నడినెత్తిన ఉండాల్సిన వేళకు కూడా 49 డిగ్రీల ఎత్తు దాటడు. అందుకే ఎండాకాలంలో సజ్జా ఆపేసే ఎండ ఇప్పుడు దాని కింద నుంచి లోపలికి వస్తుంది. కిటికీ పై అంచు నేలకు 7 అడుగుల ఎత్తున ఉండి, అక్కడే 2 అడుగుల సజ్జా ఉందనుకోండి. మధ్యాహ్నం ఎండ గోడ లోపలి అంచు నుంచి మూడడుగుల పైచిలుకు దాకా చేరుతుంది. ఉదయం, మూడు గంటలప్పుడు ఏటవాలుగా ఇంకాస్త లోపలికి వస్తుంది. మీ సుద్దగీతలు దాదాపు ఇలాగే ఉండాలి. చాలా తక్కువగా ఉంటే ఎండకు ఏదో అడ్డుపడుతోందన్నమాట.

ఆ అడ్డు సాధారణంగా మనం పెట్టుకున్నదే అయి ఉంటుంది. మందపాటి కర్టెన్ కావచ్చు, వేసవిలో అద్దానికి అంటించిన నల్ల ఫిల్మ్ కావచ్చు, దుమ్ము పేరుకున్న దోమల జాలి కావచ్చు. జాలిని విప్పి కడిగి చూడండి, గదిలో వెలుతురు ఎంత పెరుగుతుందో మీకే తెలుస్తుంది. పెరట్లో దక్షిణం వైపు చిక్కుడు పందిరి ఉంటే కిటికీకి ఎదురుగా వచ్చిన తీగను పక్కకు మళ్లించండి. కాపు కాసే తీగను కోయొద్దు. దక్షిణం అనగానే వాస్తు భయంతో ఏడాది పొడుగునా కిటికీ మూసి ఉంచే ఇళ్లు కూడా చాలా ఉన్నాయి. ఈ రెండు నెలలు పగటిపూటైనా దాన్ని తెరవమని గట్టిగా చెబుతాను. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల కుర్చీని ఆ గీతల మధ్యకు జరపండి. చీకటిగా ఉండే గదిలో ఒక మూల కూర్చునే అమ్మమ్మ ఎండలో చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంటే, ఆమె ముఖంలోనే కాదు, మొత్తం ఇంట్లో కళ వస్తుంది.

ఇక బొంతలు, రజాయిలు. దూది తేమను పీల్చుకుంటుంది, తేమ పట్టిన దూది అణిగిపోతుంది. వెచ్చదనాన్ని నిలిపేది దూది పోగుల మధ్య చిక్కుకున్న గాలి. అణిగిపోయిన దూదిలో ఆ గాలికి చోటుండదు. పాత చీరలు పొరలు పొరలుగా కుట్టిన బొంతలో కూడా జరిగేది ఇదే. మంచు ఆరాక 10 గంటలకు దండెం మీద వేసి, ఒంటిగంటకు తిరగేసి, మూడున్నరకల్లా తీసేయండి. తీసిన వెంటనే, వేడి ఉండగానే మడిచి మంచం మీద పెట్టి పైన దుప్పటి కప్పండి. సాయంత్రం దాకా వదిలేస్తే మళ్లీ తేమ పడుతుంది, పొద్దున్నుంచి చేసిందంతా వృథా.

ఇక కిటికీలు మూసే వేళ. నవంబరు నెలాఖరుకు హైదరాబాద్‌లో 5:40 ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. చీకటి పడ్డాక మూస్తే ఆలస్యమైనట్టే. నాలుగున్నరకే, ఉత్తరం, తూర్పు వైపు కిటికీలతో మొదలుపెట్టండి, ఈ కాలంలో చలిగాలి ఎక్కువగా అటు నుంచే వస్తుంది. దోమలూ తగ్గుతాయి. గుమ్మం తలుపు కింద సందుకు పాత చీరను తాడులా చుట్టి అడ్డంగా పెడితే చాలు. గ్యాస్ పొయ్యి ఉన్న వంటగది కిటికీ మాత్రం మూయొద్దు. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి ఎప్పుడూ పెట్టొద్దు. దాంట్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ ఒక్క విషయంలో కాసేపే కదా అనుకోవద్దు.

నేల. తాండూరు బండ, గ్రానైట్, టైల్స్, ఏదైనా సరే, గదిలోని చెక్క కుర్చీ కంటే నిజంగా చల్లగా ఏమీ ఉండవు. పాదంలోని వేడిని చెక్క కంటే చాలా వేగంగా లాగేస్తాయి, అందుకే జివ్వుమంటాయి. ఇల్లంతా కార్పెట్ పరచక్కర్లేదు. పాదం ఎక్కడ ఎక్కువగా ఆనుతుందో అక్కడ పరిస్తే చాలు. మంచం దిగే చోట, దేవుడి దగ్గర కూర్చునే చోట, టీవీ ముందు. కింద చాప, పైన వరంగల్ జంపఖానా వేయండి. రెండు పొరల మధ్య నిలిచే గాలి పనిచేస్తుంది. గొంగడి ఉన్నవాళ్లకు జంపఖానా కూడా అక్కర్లేదు. నల్లగొర్రె బొచ్చుతో నేసిన గొంగడిని మించింది నేను చూడలేదు. కొత్తదైతే గరుకుగా ఉంటుంది, పైన పాత నూలు దుప్పటి వేసుకోండి.

ఈ వారం పని: గోడకు తగిలించే థర్మామీటర్ ఒకటి తెచ్చి పడకగదిలో పెట్టండి. రాత్రి 10కి, ఉదయం 6కి అంకెలు రాసుకోండి. మూడు రోజులు మామూలుగా ఉండండి, తర్వాత మూడు రోజులు ఈ పాఠంలో చెప్పినట్టు చేయండి. ఎంత తేడా వచ్చిందో మీ ఇల్లే చెబుతుంది, ప్రతి ఇంటికీ ఒకే జవాబు రాదు.

3వ పాఠం సాయంత్రపు వెలుతురు గురించి. దానికి ముందు మీ బల్బుల డబ్బాల మీద 2700కె అని ఉందో, 6500కె అని ఉందో చూసి పెట్టుకోండి, అది వెలుతురు రంగును చెప్పే అంకె.