ఆగితేనే గెలిచే ఆటలు: దుడుకు పిల్లలతో ఇంట్లో ఆడించే పద్ధతి

ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, దుడుకుతనం ఉండే ఎదుగుదల సమస్య) ఉన్న పిల్లలకు "ఆగు" అంటే అర్థం కాక కాదు, ఆ మాట చెవిన పడేలోపే చెయ్యి కదిలిపోతుంది. వందసార్లు చెప్పడం కంటే, ఆగినవాళ్లే గెలిచే ఆట రోజూ పది నిమిషాలు ఆడించడం మేలు.

ముందు చెరువు–గట్టు. నేలమీద సుద్దముక్కతో గీత గీయండి. అటు చెరువు, ఇటు గట్టు. ఒకరు "చెరువు" అనో "గట్టు" అనో పిలవాలి, మిగతావాళ్లు ఆ వైపుకి గెంతాలి. అపార్ట్‌మెంట్‌లో అయితే గెంతొద్దు, అడుగేస్తే చాలు. కింది ఇంటివాళ్లతో మాట పడక్కర్లేదు. గట్టు మీదున్నప్పుడు మళ్లీ "గట్టు" అంటే కదలకూడదు. ఆటకు ప్రాణం ఈ దొంగ పిలుపే. నాలుగైదు మామూలు పిలుపులతో కాళ్లు ఊపందుకున్నాక ఒకటి వేయండి. మొదట్లో నింపాదిగా పిలవండి. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు ఆగగలిగినప్పుడే వేగం పెంచండి. సగం తప్పుతున్నాడంటే తొందరపడింది మీరు.

తప్పినవాణ్ని ఔట్ చేయొద్దు. ఎవరికి ఎక్కువ అభ్యాసం కావాలో వాడే ముందు ఔటై, మూల కూర్చుని, అల్లరి మొదలెడతాడు. ఆగిన ప్రతిసారీ గిన్నెలో ఒక చింతపిక్క వేయండి, తప్పితే తీయొద్దు. పెద్దవాళ్లూ ఆడాలి. వాళ్లూ తప్పుతారు, నటించక్కర్లేదు. చివర్లో రెండు నిమిషాలు పిల్లాడినే పిలవనివ్వండి.

వంతు కోసం ఓపిక పట్టడానికి అష్టాచమ్మా. నలుగురు కూర్చుంటే వంతు వచ్చేసరికి ఓపిక చచ్చిపోతుంది. అందుకని ఇద్దరితో, తలా రెండు కాయలతో మొదలెట్టండి. ఎదుటివాళ్లకు చమ్మా (4) గానీ అష్టా (8) గానీ పడితే ఇంకో పందెం ఉంటుంది కదా, గవ్వలు లాక్కోవడం, బోర్డు తిరగేయడం అప్పుడే జరుగుతాయి. కాబట్టి ఆటకు ముందే ఆ నియమం పిల్లాడి చేత చెప్పించండి. ఎదుటివాళ్ల వంతులో గవ్వలు ఏరి అందించే పని వాడికే ఇవ్వండి, చేతులు ఖాళీగా ఉండవు. కాయ జరిపే ముందు గళ్లను వేలితో లెక్కపెట్టాలన్న నియమం అందరికీ పెట్టండి.

మెచ్చుకోలు వెంటనే, ఏం చేశాడో చెబుతూ ఉండాలి: "దొంగ పిలుపుకి కదల్లేదు, భలే!" అని. ఉత్త "గుడ్ బాయ్"తో దేనికో వాడికి తెలియదు. ఆకలి వేళ, నిద్ర వేళ వద్దు. అల్లరి చేస్తే ఆట మానేస్తామని బెదిరించొద్దు. అన్నో అక్కో వెక్కిరిస్తే ఆరోజుకి వాళ్లను పిలిచేవాళ్లుగా మార్చండి.

ఆటలో ఆగినంత మాత్రాన బళ్లో, బజార్లో దానంతటదే ఆగడు. ఆటలో మాటను బయటికీ తేవాలి. రోడ్డు దాటే ముందు "గట్టు!" అంటే నిలబడాలని ఇంటి ముందు, బళ్లు తిరగని చోట అలవాటు చేయండి. అలవాటయ్యాక కూడా రోడ్డు మీద చెయ్యి వదలొద్దు.

ఇవి వైద్యానికి బదులు కావు. ఈ దుడుకుతనం ఆరు నెలలకు మించి ఇంట్లోనూ బళ్లోనూ కనిపిస్తూ, చదువుకో స్నేహాలకో అడ్డం పడుతుంటే పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. వెళ్లేటప్పుడు టీచరు గమనించినవి కాగితం మీద రాయించుకెళ్తే అక్కడ బాగా పనికొస్తుంది.